విద్యార్థి వ్యాసరచనయు చలనచిత్రములును



మా పొరుగింట తొమ్మిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు ఒకనాటి సాయంకాలము తన వ్యాసముల పుస్తకమును నా చేతికిచ్చి, "కొంచెము దిద్ది పెట్టండి తాతగారూ" అని కోరెను. మొదటి పుటలో ఆవును గుఱించిన వ్యాసము. ఆవు సాధుజంతువు, దానికి నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు, ఒక తోక. అక్షరదోషము లొకటి రెండు తప్ప దిద్దవలసిన దేమియు లేదు. చదువవలసినదియు నేమియు లేదు. వాని యింట రెండావులున్నవి. అందొకటి పాలు పితుకబోయిన వారినెల్ల తన్నును. ఆ సంగతి వ్యాసమున ఎక్కడను రాలేదు. తరువాత వర్షర్తువు, దాని తరువాత గ్రంథాలయముల వలని ప్రయోజనములు. నాలుగవది త్రిప్పితిని. అది యొక చలనచిత్రమందలి పాటను గూర్చినది. నేను నవ్వి, "ఇదియు నొక వ్యాసమేనా?" అంటిని. బాలుడు మాటాడక పుస్తకము తీసికొని పోయెను. పదునైదు దినముల వఱకు మా గడప త్రొక్కలేదు.

ఆ నవ్వు తప్పని నాకు తోచుటకు ఆ పదునైదు దినములును పట్టినవి. ఆ సంగతియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

తెలుగు వ్యాసరచనను గూర్చిన తగవు నేటిది కాదు. గడచిన శతాబ్దము మొదటి దశలలో, చెన్నపురి రాజధానియందు విద్యార్థులు తెలుగు వ్యాసములు వ్రాయవలసి వచ్చినపుడు, గ్రాంథికమున వ్రాయవలెనా, వాడుకభాషలో వ్రాయవచ్చునా యని పండితులు రెండు పక్షములైరి. గిడుగు రామమూర్తి పంతులుగారును గురజాడ అప్పారావుగారును వాడుకభాష పక్షమున నిలిచిరి. జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథికపక్షమున నిలిచిరి. అప్పారావుగారు తమ యసమ్మతిని 1914లో ఇంగ్లీషున సుదీర్ఘముగా వ్రాసి మద్రాసు విశ్వవిద్యాలయమువారికి సమర్పించిరి. (ఇది చెప్పుచున్న నేను గ్రాంథికమునే వదలలేకున్నాను, పాత యలవాటు, మన్నింపుడు.) భాష మాట యట్లుండనిండు. బాలుడు దేనిని గూర్చి వ్రాయవలెను? తాను చూచి, విని, తలపోసిన దానిని గూర్చియా? లేక పెద్దలు వ్రాసియుంచిన దానిని మరల దించుటయా?

పదునాఱవనాడు నేనే వారింటికి పోయి పుస్తకమును అడిగి తెచ్చుకొంటిని. 'రౌద్రం రణం రుధిరం' అను చిత్రములోని 'నాటు నాటు' పాటను గూర్చి వాడు రెండు పుటలు వ్రాసినాడు. ఆ చిత్రము 2022లో విడుదలయినది. పాట వ్రాసినవారు చంద్రబోసుగారు, స్వరపఱచినవారు కీరవాణిగారు. 2023 మార్చిలో అమెరికావారు ఉత్తమగీతమునకిచ్చు ఆస్కారు బహుమానము దీనికి లభించినది. నృత్యమును ఉక్రెయిను దేశపు రాజధానియైన కీవ్ నగరములో ఒక రాజభవనము నెదుట చిత్రించిరి. ఇదంతయు బాలునకు కంఠపాఠము. "చాల బాగున్నది" యను మాట తొమ్మిది మాఱులు వచ్చినది. చదువుచు విసుగు చెందితిని. ఇంతలో రెండవ పుట చివర, కొట్టివేయబోయి విడిచిన వాక్య మొకటి కనబడినది: కిఱ్ఱుచెప్పు లనగా నేమో తనకు తెలియదనియు, అడిగిన తరగతిలో నవ్వుదురేమో యనియు.

తరగతిలో నవ్వలేదు. నేను నవ్వితిని.

ఆ పాటలోని పోలికలను వినినవారెఱుగుదురు. పోట్లగిత్త, పోలేరమ్మ జాతర, గ్రామదేవతకు తమ్ముడని మనము చెప్పుకొను పోతరాజు, కఱ్ఱసాము, మఱ్ఱినీడ, జొన్నరొట్టె, మిరపతొక్కు: అన్నియు మన పొలముగట్లవి. రాజభవన మెక్కడిదో బాలునకు తెలియును, నాకు తెలియదు. కిఱ్ఱుచెప్పులు నాకు తెలియును, వానికి తెలియవు. వానిని పిలిచి చెప్పితిని: గట్టితోలుతో కుట్టిన చెప్పులు, అడుగు వేసినపుడెల్ల కిఱ్ఱుమనును. మా నాయనగారి చెప్పుల చప్పుడు వీథి మలుపులోనే వినబడెడిది. వినబడినంతనే మేము గోలీలు దాచి పుస్తకములు తెఱచెడివారము. బాలుడు నవ్వి, "ఇది వ్రాయవచ్చునా?" అనెను. వ్రాయుమంటిని. ఆ పాటను మరల వినుమనియు, అందులో తనకు తెలియని మాటలన్నియు నొక కాగితముపై వ్రాసి యూరిలో నలుగురు పెద్దల నడుగుమనియు చెప్పితిని. "చాల బాగున్నది" యను మాట మాత్రము ఒక్కసారియు రాగూడదంటిని. ఏది బాగున్నది, ఎందుచేత బాగున్నది, అది చెప్పవలెను. బాలుడు దీనికే ఎక్కువ కష్టపడెను.

పిమ్మట మే మిరువురమును 'మాయాబజారు' చూచితిమి. 1957లో విజయావారు తీసిన చిత్రము, కె. వి. రెడ్డిగారి దర్శకత్వము, పింగళి నాగేంద్రరావుగారి మాటలు. మీలో పెక్కుమంది డేరా సినిమాలో నేలమీద కూర్చుండి చూచియే యుందురు. నేనట్లే చూచితిని; 2010లో రంగులు వేసి మరల విడుదల చేసినపుడును చూచితిని. ఎన్ని మాఱులు చూచితినో లెక్క లేదు. బాలుడు ఒక్కసారి చూచి, "ఇందులో పాండవులేరీ తాతగారూ?" అని యడిగెను. నిజమే. వారిని గూర్చిన మాటలేగాని, చిత్రమందు పాండవు లొక్కరును తెఱమీద కనబడరు. ఇన్నేండ్లుగా చూచుచు నేను దీనిని గమనింపనేలేదు. ఎందుచేత కనబడరో నీకు తోచినది వ్రాయుమంటిని. ధర్మరాజు వచ్చిన కథ నీతిబోధవైపు పోవును, పెండ్లి సందడి తగ్గునని వ్రాసెను. సరియో కాదో చెప్పజాలను గాని, అది వాని సొంత మాట.

మఱియొక అభ్యాసము. ఘటోత్కచుడు శశిరేఖ రూపము ధరించిన ఘట్టములో సావిత్రిగారి ముఖము మాఱలేదు, వేషమును మాఱలేదు. ఐనను లోపలనున్నవాడు రాక్షసుడని చూచువారికి తెలియుచునే యుండును. ఎట్లు? సంభాషణ నెత్తుకొనక, కనబడినది మాత్రము వ్రాయవలెను. మొదట వాడు కథ చెప్పెను, కొట్టివేసితిని. రెండవసారి "అద్భుతముగా నటించినది" అని వ్రాసెను, అదియు కొట్టివేసితిని. మూడవసారి నడకను, చూపును, పెండ్లికొడుకు కాలిని త్రొక్కుటను వరుసగా వ్రాసెను. చదువుచుండగా తెఱ నా కన్నుల యెదుట నిలిచినది.

సినిమాను గూర్చి వ్రాసినంతమాత్రమున వ్యాసము బాగుపడునని నేననను. నేడు చిత్రము విడుదలయిన ఝాముసేపటికే దానిపై తీర్పులు చేతిలోని ఫోనులో వచ్చిపడుచున్నవి. వానిని దించి వ్రాసిన బాలుని వ్యాసమునకును, ఆవునకు నాలుగు కాళ్లను వ్యాసమునకును నాకు భేదము కనబడదు. రెండును పరుల మాటలే. పైగా చిత్రములలో చెత్తయు కావలసినంత కలదు. మన కాలపు వీథినాటకములలో మాత్రము లేదా? చెత్త యని తోచినపుడు ఏల చెత్తయో వ్రాయుమనుటయు మంచి యభ్యాసమే. నాకు పరమప్రీతియైన యొక పాత చిత్రమును బాలు డట్లే నిలువునా ఖండించెను. రెండుదినములు నేను వానితో సరిగా మాటాడలేదు. వాడు చూపిన కారణములు మాత్రము గట్టివి.

పోయిన వారము వాడు మొదటి పుటలోని వ్యాసమును మరల వ్రాసి తెచ్చెను. ఎవ్వరును వ్రాయుమనలేదు. ఈసారి ఆవు తన్నినది. పాలచెంబు వాకిట దొర్లినది. వాని నాయనమ్మ ఆవునుద్దేశించి యన్న మాట యొకటి అందున్నది గాని, అది యిచట చెప్పదగినది కాదు.