స్టెంటా? బైపాసా?

కోత లేని వైద్యమే మేలన్న నమ్మకం అన్నిసార్లూ నిజం కాదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో గుండె జబ్బుతో పోరాడే ప్రతి కుటుంబానికీ ఈ సంగతి తెలియాలి.

వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో యాంజియోగ్రామ్ అయిపోతుంది. డాక్టర్ బయటికొచ్చి "మూడు బ్లాకులున్నాయి" అంటారు. కొడుకు వెంటనే అడిగేది ఒక్కటే: "సార్, కొయ్యకుండ కాదా?" ఊరి నుంచి ఫోన్ చేసిన పెద్దమ్మదీ అదే మాట: "ఛాతి కొయ్యనియ్యకుండ్రి బిడ్డా, స్టంటే ఏయించుండ్రి." ఆ భయంలో ప్రేమ ఉంది, తప్పులేదు. కానీ చికిత్సను ఎంచాల్సింది భయం కాదు, జబ్బు తీరు.

రెండు దారులు

స్టెంట్ వేసేటప్పుడు మణికట్టు దగ్గరో తొడ దగ్గరో ధమనిలోంచి సన్నటి గొట్టాన్ని గుండె దాకా పంపుతారు. పూడిన చోట బెలూన్ ఉబ్బించి, లోహపు జాలీని అమర్చుతారు. 1977లో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ బెలూన్ చికిత్సకు నాంది పలికారు. 1986లో ఫ్రాన్స్‌లో తొలి స్టెంట్ పడింది. రోగి రెండు మూడు రోజుల్లో ఇంటికి వెళ్తాడు.

బైపాస్‌లో పూడికను ముట్టుకోరు. ఛాతీ లోపలి ధమనినో కాలి సిరనో తెచ్చి, పూడిక దాటాక అవతల కలుపుతారు. ఈ పద్ధతికి 1967లో క్లీవ్‌లాండ్‌లో రెనే ఫవలోరో బాట వేశారు. ఛాతీ ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

అసలు తేడా ఇక్కడే ఉంది. స్టెంట్ ఆ ఒక్క చోటునే బాగుచేస్తుంది. బైపాస్ చేస్తే అదే నాళం పైభాగంలో రేపు కొత్త పూడిక వచ్చినా కింది కండరానికి రక్తం అందుతూనే ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లలో నాళం పొడవునా పూడికలు వస్తాయి. అందుకే వాళ్లకు ఈ తేడా ప్రాణంతో సమానం.

ఎవరికి ఏది?

గుండెపోటు వచ్చిన గంటల్లో చర్చకు తావు లేదు. మూసుకుపోయిన నాళాన్ని ఎంత త్వరగా తెరిస్తే అంత కండరం బతుకుతుంది. అప్పుడు స్టెంటే మేలు. కానీ మహదేవపూర్, పలిమెల అడవి పల్లెల నుంచి వరంగల్ వంద కిలోమీటర్లకు పైమాటే. భూపాలపల్లికి రైలు కూడా లేదు. రెండు గంటల్లోపు స్టెంట్ వేసే ఆసుపత్రికి చేరలేమనుకుంటే, దగ్గరి ఆసుపత్రిలోనే ఈసీజీ తీసి, గడ్డను కరిగించే ఇంజక్షన్ ఇవ్వాలి. అది అయ్యాక పెద్దాసుపత్రికి తరలించాలి. నొప్పి మొదలైన 12 గంటల్లోపు ఇస్తేనే ఆ ఇంజక్షన్‌తో ప్రయోజనం, ఎంత ముందైతే అంత మేలు. గ్యాస్ నొప్పిలే అని సోడా తాగి పడుకునే అలవాటు ఆ గంటల్నే మింగేస్తోంది.

గుండెపోటు లేకుండా, నడిస్తే ఆయాసమో నొప్పో వచ్చేవాళ్ల సంగతి వేరు. షుగర్ ఉండి, ఒకటికి మించి నాళాలు పూడిన 1,900 మందిపై జరిగిన ఫ్రీడమ్ అధ్యయనం 2012లో వెలువడింది. అయిదేళ్లలో మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి స్టెంట్ వేసినవాళ్లలో నూటికి దాదాపు 27 మందికి ఎదురయ్యాయి. బైపాస్ చేయించుకున్నవాళ్లలో 19 మందికే. పక్షవాతం ఒక్కటే బైపాస్ వాళ్లలో కొంత ఎక్కువ. మూడు నాళాల్లోనూ చిక్కు పూడికలుంటే బైపాసే మెరుగని సింటాక్స్ అధ్యయనమూ తేల్చింది. ఒకటి రెండు నాళాల్లో తేలికపాటి పూడికలుంటే స్టెంట్ చాలు. వయసు బాగా మీదపడి, కిడ్నీలో ఊపిరితిత్తులో దెబ్బతిని ఆపరేషన్‌ను తట్టుకోలేనివాళ్లకూ స్టెంటే దిక్కు కావచ్చు.

మూడో దారి కూడా ఉంది. 5,179 మందితో చేసిన ఇస్కీమియా అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. జబ్బు నిలకడగా ఉన్నప్పుడు మంచి మందులతో మొదలుపెట్టినవాళ్లకూ, వెంటనే స్టెంటో బైపాసో చేయించుకున్నవాళ్లకూ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎడమ ప్రధాన నాళం పూడినవాళ్లకు మాత్రం ఇది వర్తించదు.

ఖర్చు, కష్టం, మందులు

ఒకప్పుడు మందు పూసిన స్టెంట్ ధర లక్ష దాటేది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని 29,600 రూపాయలకు కట్టడి చేసింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద రెండు చికిత్సలూ ఉన్నాయి. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. కాబట్టి చికిత్సను డబ్బు నిర్ణయించే రోజులు చాలావరకు పోయాయి.

మిగిలింది కూలి. బైపాస్ అయినవాళ్లు రెండు మూడు నెలలు పత్తి బోరాలు, మిర్చి బస్తాలు ఎత్తకూడదు. ఆ నెలలు ఇల్లు ఎలా గడవాలో ముందే అనుకోవాలి. స్టెంట్ వేయించుకున్నవాళ్లకు షరతు వేరు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే రెండు రకాల మాత్రలు డాక్టర్ చెప్పినన్నాళ్లు, గుండెపోటు తర్వాతైతే సాధారణంగా ఏడాది, తప్పకుండా వేసుకోవాలి. బాగానే ఉంది కదా అని మానేస్తే స్టెంట్‌లోనే గడ్డకట్టి ప్రాణం మీదికి వస్తుంది. ఏ చికిత్స అయినా బీడీ మానాల్సిందే, షుగర్, బీపీ అదుపులో ఉండాల్సిందే.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. రాత్రీ పగలూ ఈసీజీ తీసే మనిషి, గడ్డ కరిగించే ఇంజక్షన్, గుండె వైద్యుడు మూడు చోట్లా ఎప్పుడూ ఉండేలా ప్రభుత్వం చూడాలి.

అత్యవసరం కాకపోతే యాంజియోగ్రామ్ బల్ల మీదే తొందరపడి సంతకం చేయకండి. సీడీ చేతికి తీసుకోండి. గుండె వైద్యుడినీ, గుండె సర్జన్‌నూ ఇద్దరినీ అడగండి: ఎన్ని నాళాలు పూడాయి? ఎడమ ప్రధాన నాళం ఎలా ఉంది? గుండె ఎంత బలంగా కొడుతోంది? మందులతో సరిపోతుందా? షుగర్ ఉండి మూడు నాళాలూ పూడాయని ఇద్దరూ చెబితే, కోతకు భయపడి బైపాస్‌ను వదులుకోకండి. ఛాతీలో నొప్పి వచ్చి ఎడమ చేతికి పాకితే మాత్రం ఏ ప్రశ్నా వద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.