పాడేది గొంతు - పాడుచేసేది గోడ!

నల్లమాడ : గుడి ముందు భజనలో కంచులా మోగిన గొంతు, ఇంట్లో కూర్చుని రికార్డు చేస్తే బావిలోనుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. పాడినవారిలో లోపం లేదు. మైకులోనూ లోపం లేదు. లోపమంతా గదిలోనే వున్నది.

చెక్కభజన, పండరి భజన, హరికథ, తోలుబొమ్మలాట - పాటకు కరువులేని సీమ ఇది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు చెందిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఒకప్పుడు పాట రికార్డు కావాలంటే మద్రాసుకో, 1963లో ప్రారంభమైన కడప ఆకాశవాణి కేంద్రానికో పోవలసి వచ్చేది. నేడు ఒక కంప్యూటరు, ఒక మైకు వుంటే ఇంట్లో గదే స్టూడియో అవుతున్నది.

పుస్తకాలకెక్కని పాటలెన్నో ముసలివారి గొంతుల్లోనే వున్నవి. వాటిని రికార్డు చేసే అవకాశం ఒక్కోసారి ఒక్కసారే వస్తుంది. పాటలో కలిసిపోయిన గది మోతను తర్వాత తీసివేయబూనడం పాలలో కలిసిన నీటిని వేరుచేయబూనడం వంటిదే. కంప్యూటరుతో కొంత తగ్గించవచ్చు గాని, దానితోపాటు గొంతు సహజత్వమూ పోతుంది. కనుక మైకు కొనేముందే గది సంగతి చూసుకోవాలి.

గది ఎందుకు మోగుతుంది?

శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. సిమెంటు గోడ, నున్నని టైల్సు నేల, కాంక్రీటు పైకప్పు దానిని దాదాపు యథాతథంగా తిప్పికొడతాయి. ఒక్క అక్షరం పలికితే అది గోడ నుంచి గోడకు పదులసార్లు తిరిగి, తర్వాతి అక్షరంపై పడుతుంది. వెనుకటి మట్టి మిద్దెల్లో ధాన్యపు మూటలు, బొంతలు, నులక మంచాలు ఈ శబ్దాన్ని కొంత మింగేవి. కొత్త ఇంట్లో ఖాళీ గదికి ఆ ఆధారం లేదు. గది మధ్య నిలబడి ఒక్కసారి చప్పట్లు కొడితే చాలు, 'జుయ్'మనే మోత ఆ సంగతి చెబుతుంది.

ఈ విషయాన్ని మొదట లెక్కకట్టినవాడు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ఆచార్యుడు వాలెస్ సాబిన్. 1895లో అక్కడి ఒక ఉపన్యాస మందిరంలో మాట అర్థంకాని పరిస్థితి వుండేది. ఒక శబ్దం పూర్తిగా అణగడానికి సుమారు అయిదున్నర సెకన్లు పట్టేది. ఆయన రాత్రివేళల్లో పక్క థియేటరులోని కుర్చీ మెత్తలను మోయించి తెచ్చి, కొద్దికొద్దిగా పెంచుతూ మోత ఎంత తగ్గుతున్నదో కొలిచాడు. ఆ లెక్కల ఆధారంగా కట్టిన బోస్టన్ సింఫనీ హాలు 1900లో ప్రారంభమై నేటికీ పేరుగాంచి వున్నది.

అదే లెక్క మన ఇంటికి వేసి చూడవచ్చు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల ఖాళీ సిమెంటు గదిలో మోత అణగడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల మంచి పలకలు ఎనిమిది తగిలిస్తే అది ముప్పాతిక సెకనుకు దిగుతుంది. పరుపు వేసిన మంచం, దళసరి కర్టెన్లు కూడా వుంటే అర సెకనుకు చేరువవుతుంది. పాటకు అది చాలు. గోడలన్నీ కప్పవలసిన పనిలేదు.

ఎక్కడ తగిలించాలి?

పలకలు ఎన్ని అనేదానికన్నా ఎక్కడ అనేదే ముఖ్యం. పాడేవారి ముందు, అంటే మైకు వెనుక గోడకు మాత్రమే పలకలు పెట్టి ఊరుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. గాయకులు ఎక్కువగా వాడే మైకు తన ముందునుంచి వచ్చే శబ్దాన్నే బాగా తీసుకుంటుంది. దాని ముందు గాయకుడున్నాడు, ఆయన వెనుక గోడ వున్నది. కనుక గాయకుని వెనుక గోడకే మొదటి పలకలు తగిలించాలి. తర్వాత ఆయనకు రెండు పక్కలా తల ఎత్తున ఒక్కొక్కటి. గది నడిబొడ్డున గాని, మూలకు ఆనుకొని గాని నిలబెట్టి పాడించరాదు.

రికార్డు చేసినదాన్ని స్పీకర్లలో విని సరిదిద్దేచోటుకు ఒక సులువైన ఉపాయం వున్నది. వినేవారు తమ కుర్చీలో కూర్చోవాలి. మరొకరు ముఖం చూసుకునే అద్దాన్ని పక్కగోడకు ఆనించి మెల్లగా జరుపుతూ పోవాలి. అద్దంలో స్పీకరు ఎక్కడ కనిపిస్తే, శబ్దం సరిగ్గా అక్కడే గోడకు తగిలి చెవికి చేరుతున్నదన్నమాట. అక్కడొక పలక తగిలించాలి. రెండు పక్క గోడలకూ, పైకప్పుకూ ఇదే పరీక్ష.

డోలు, మద్దెల వంటి వాయిద్యాల లోతు శబ్దం మూలల్లో పేరుకుంటుంది. మూలకు అడ్డంగా, రెండు గోడలనూ కలుపుతూ ఏటవాలుగా నిలిపిన మందపాటి పలక దానిని తగ్గిస్తుంది.

తయారీ మన వడ్రంగి పనే

నాలుగంగుళాల లోతున కొయ్య చట్రం చేయించి, అందులో రెండంగుళాల రాక్‌వూల్ దిమ్మెలు రెండు పొరలుగా అమర్చాలి. ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత గలది సరిపోతుంది. దీనిని పట్టుకునేటప్పుడు చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. లేకుంటే నూగు గుచ్చుకొని దురద పెడుతుంది. పైన కప్పే గుడ్డ గాలి ఆడేదిగా వుండాలి. నోటికి ఆనించి ఊదితే అవతలికి గాలి పోవాలి. పలుచని నూలు గుడ్డ, శుభ్రమైన గోనెపట్టా రెండూ పనికివస్తాయి. రెగ్జిన్ పనికిరాదు.

పలకను గోడకు అంటించకుండా రెండు మొదలు నాలుగంగుళాల సందు వదలాలి. గోడను ఆనుకొని గాలి కదలదు; కదిలే గాలినే పలక అరికట్టగలదు. సందు వుంటే అదే పలక మరింత లోతు స్వరాలను కూడా పట్టుకుంటుంది. సన్నని స్పాంజి షీట్లు వీటిని ఎందుకు పట్టలేవో ఇక్కడే తెలుస్తుంది. లోతు స్వరపు శబ్ద తరంగం మూడు మీటర్లకు పైగా వుంటుంది. దానికి అంగుళం స్పాంజి అడ్డే కాదు. అటువంటి షీట్లతో గోడలన్నీ కప్పితే గొంతులోని తళుకు పోయి గుబగుబ మిగులుతుంది.

ఒక్కో పలక ఎనిమిది కిలోల దాకా తూగుతుంది. ఇటుక, సిమెంటు గోడకైతే డ్రిల్లుతో రంధ్రం చేసి, ప్లగ్గు దిగగొట్టి, స్క్రూ బిగించి రెండుచోట్ల తగిలించాలి. మట్టి గోడకు మేకు నిలవదు. అక్కడ పలకకు కాళ్ళు పెట్టి నేలపైనే నిలబెట్టడం మేలు. బండల మిద్దెలో బండలకు రంధ్రాలు చేయక దూలాలకు కొక్కేలు బిగించాలి. తలపైన వేలాడే పలకకు నాలుగు కొక్కేలు, ఇనుప తీగ వుండాలి. దారాన్ని నమ్మరాదు.

అంత ఖర్చు పెట్టలేనివారికి ఉన్ని కంబళి వున్నది. రెండు కంబళ్ళను మడతలు పడేటట్టు గాయకుని వెనుక, గోడకు అరడుగు ఎడంగా వేలాడదీస్తే పై స్వరాల మోత బాగా తగ్గుతుంది. లోతు శబ్దాన్ని మాత్రం అది పట్టలేదు.

నిప్పుతో చెలగాటం వద్దు

చౌకగా దొరుకుతున్నదని పాలీయురేథేన్ స్పాంజిని గోడల నిండా అంటించేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో ఒక నైట్‌క్లబ్బు వేదిక గోడల స్పాంజికి బాణసంచా నిప్పు అంటుకొని 100 మంది మరణించారు. 2013 జనవరి 27న బ్రెజిల్‌లోని శాంటా మరియాలో ఇటువంటి ప్రమాదమే 242 మందిని బలిగొన్నది. ఆ స్పాంజి కాలినప్పుడు వెలువడే విషపు పొగే ఎక్కువమందిని చంపుతుంది. ఒకే తలుపు, మూసిన కిటికీ, నేలంతా వైర్లు వుండే ఇంటి స్టూడియోకు ఇది పెద్ద హెచ్చరిక. కోడిగుడ్ల అట్టలూ అంతే: కాలుతాయి, పనీ చేయవు. రాక్‌వూల్ రాతినుంచి తీసిన పోగు కనుక నిప్పంటుకోదు.

పోతే, ఈ పలకలు గది లోపలి మోతను తగ్గించేవే గాని బయటి చప్పుడును ఆపేవి కావు. ట్రాక్టరు, బోరు మోటారు, గుడి మైకు వీటిని ఆపాలంటే బరువైన గోడ, సందులేని తలుపు కావాలి. అవి లేనివారికి తెల్లవారుజామే మంచి స్టూడియో.

ఇంతకూ కావలసినది ఒక వడ్రంగి, ఒక అద్దం, రెండు కంబళ్ళు, కాస్త ఓపిక. గది ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు బాగుచేసుకోవచ్చు. పాడే అవ్వ మాత్రం వచ్చే ఏటికి వుంటుందో లేదో! యువకులు ముందు నాలుగు పలకలైనా తగిలించి, ఆమెను పిలిచి కూర్చోబెట్టవలసి వున్నది.