అలలు పాడే ఊరు... తరంగంబాడి!

అక్కడ కోట ఉంది, రాజు లేడు. చర్చి గోడమీద డెన్మార్క్ రాజముద్ర ఉంది, వీధిలో వినిపించేది తమిళం. ఇంతకీ ఆ ఊరిని డేన్లకు రాసిచ్చిందెవరో తెలుసా... తెలుగులో కావ్యాలు రాసిన ఓ రాజు! ఈసారి సెలవులకు తమిళనాడు వెళ్తే ఒక్కపూట అక్కడ ఆగి చూడండి.

నవగ్రహ యాత్రకు వెళ్లే తెలుగువాళ్లకు ఆ దారి కొత్తేం కాదు. తిరునల్లారులో శనీశ్వరుణ్ణి దర్శించుకుంటారు. కీళ్‌పెరుంపళ్లంలో కేతువుకు మొక్కుకుంటారు. ఆ తర్వాత బండి వైదీశ్వరన్‌ కోయిల్‌ వైపు దూసుకుపోతుంది. మధ్యలో పొరైయార్‌ దాటగానే సముద్రం వైపు ఓ దారి చీలుతుంది. దాని మొదట్లో తెల్లటి ద్వారం. ఏదో పాతకాలం కట్టడం అనుకుని చాలామంది ముందుకు సాగిపోతారు. ఆగి లోపలికి నడిచినవాళ్లు మాత్రం నాలుగు వందల ఏళ్ల వెనక్కి వెళ్లిపోతారు.

ఆ ఊరే తరంగంబాడి. ‘అలలు పాడే చోటు’ అని అర్థం చెబుతారు. యూరప్‌వాళ్ల నోట్లో ఆ పేరు తిరగలేదు, ‘ట్రాంక్విబార్‌’ అయిపోయింది. పుదుచ్చేరి అంటే ఫ్రెంచివాళ్లు, గోవా అంటే పోర్చుగీసువాళ్లు గుర్తొస్తారు. మనదేశానికి డేన్లు కూడా వచ్చారనీ, 225 ఏళ్లపాటు ఇక్కడ జెండా ఎగరేశారనీ తెలిసినవాళ్లు తక్కువే!

నూటపదహార్లకు అయిదు తక్కువ

మిరియాల వ్యాపారంలో పోర్చుగీసు, డచ్చివాళ్లు కోట్లు గడిస్తుంటే డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్‌కీ ఆశ పుట్టింది. 1618లో ఓడలు బయల్దేరాయి. వాటికి నాయకుడు ఓవె గెడ్డె అనే పాతికేళ్ల కుర్రాడు. ముందుగా వచ్చిన ఓ ఓడను కారైకాల్‌ దగ్గర పోర్చుగీసువాళ్లు ధ్వంసం చేశారు. ప్రాణాలతో బయటపడ్డ కొద్దిమంది తంజావూరు చేరి రాజును ఆశ్రయించారు. ఆ రాజు రఘునాథ నాయకుడు. చేమకూర వేంకటకవి ‘విజయవిలాసం’ అంకితం అందుకున్నది ఈయనే. సంగీత, సాహిత్యాల్లో దిట్ట. పోర్చుగీసువాళ్లకు పోటీగా మరో కొనుగోలుదారు ఉంటే తనకీ లాభమే కదా! 1620 నవంబరులో ఒప్పందం కుదిరింది. ఓ చిన్న పల్లె, కోట కట్టుకోవడానికి అనుమతి, అందుకు ఏటా 3,111 రూపాయల కౌలు అని చెబుతారు. మన మూడువేల నూటపదహార్లకు సరిగ్గా అయిదు రూపాయలు తక్కువ!

ఆ ఏడాదే మొదలైన కోట పేరు డాన్స్‌బోర్గ్‌. ఇప్పటికీ సముద్రానికి ఎదురుగా నిలబడే ఉంది. కింద గోదాములు, సిపాయిల గదులు, ఖైదుకొట్లు... పైన గవర్నరు నివాసం. ఇప్పుడది తమిళనాడు పురావస్తుశాఖ నడిపే మ్యూజియం. నాటి పింగాణీ, నాణేలు, పత్రాలు చూడొచ్చు. బురుజెక్కి ఫిరంగి పక్కన నిలబడితే చాలు, పిల్లలకు చరిత్ర పాఠం వేరే చెప్పక్కర్లేదు.

ఒకే ఒక్కడు!

ఈ కోటలో పిల్లలకు తప్పక చెప్పాల్సిన కథ ఒకటుంది. డెన్మార్క్ యుద్ధాల్లో చిక్కుకుంది. వ్యాపార సంస్థ దివాలా తీసింది. 1640ల తర్వాత దాదాపు పాతికేళ్లు స్వదేశం నుంచి ఒక్క ఓడ కూడా రాలేదు. ఇక్కడున్న డేన్లు రోగాలతో ఒక్కొక్కరే పోయారు. 1655 నాటికి మిగిలింది ఒకే ఒక్కడు... ఎస్కిల్డ్‌ ఆండర్సన్‌ కాంగ్స్‌బాకె. చదువు రాని మామూలు మనిషి.

జీతమిచ్చేవాళ్లు లేరు, ఉత్తరం రాసేవాళ్లు లేరు. అయినా అతను కోట వదల్లేదు. కౌలు బాకీ పడిందంటూ రఘునాథుడి కొడుకు విజయరాఘవ నాయకుడి సేనలు పలుమార్లు ముట్టడించినా లొంగలేదు. స్థానికులనే సిపాయిలుగా పెట్టుకున్నాడు. అలాగని అతనేం ధర్మరాజు కాదు! బంగాళాఖాతంలో వెళ్లే ఓడల్ని పట్టుకుని, ఆ సొమ్ముతోనే కోటకు మరమ్మతులు చేయించాడు, ఊరిచుట్టూ గోడ కట్టించాడు. చివరికి 1669లో డెన్మార్క్ నుంచి ఓడ వచ్చేసరికి కోట పదిలంగా ఉంది. ఇన్నాళ్లూ కాపాడినందుకు అతన్నే అధిపతిని చేశారు. ఆ ఒక్కడు వదిలేసి వెళ్లిపోయుంటే బహుశా ఇవాళ చూడ్డానికి ఈ ఊరే ఉండేది కాదు.

ఇసుకలో అక్షరాలు

ద్వారం నుంచి సముద్రం దాకా సాగే రాజవీధి పొడవు తక్కువే. తాపీగా నడిచినా పావుగంట చాలు. అయితే ఆ కాస్త దూరంలోనే చూడాల్సినవి బోలెడు. 1792 నాటి ద్వారం, 1701లో కట్టిన జియోన్‌ చర్చి, 1718 నాటి న్యూ జెరూసలేం చర్చి, లావాటి స్తంభాల వరండాల బంగళాలు, పక్కవీధిలో పెంకుటిళ్లు.

పుస్తకాలంటే ఇష్టపడేవాళ్లకు ఈ వీధి ఓ తీర్థమే. 1706 జులైలో బార్తలోమియస్‌ జీగెన్‌బాల్గ్‌ అనే జర్మన్‌ మతప్రచారకుడు ఇక్కడ దిగాడు. అప్పటికి ఇరవై నాలుగేళ్లు కూడా నిండలేదు. వీధిబడి పిల్లల పక్కన కూర్చుని, వాళ్లతోపాటే ఇసుకలో వేలితో దిద్దుతూ తమిళం నేర్చుకున్నాడు. ఇక్కడి డేన్‌ అధిపతికే అతను నచ్చలేదు. నాలుగు నెలలు డాన్స్‌బోర్గ్‌లోనే ఖైదు చేయించాడు. విడుదలయ్యాక అచ్చుయంత్రం తెప్పించాడు. 1715 నాటికి తమిళంలో బైబిలు కొత్త నిబంధన అచ్చయింది. కాగితం కొరత తీరడానికి పొరైయార్‌లో మిల్లు కూడా పెట్టించాడు. 1719లో 36 ఏళ్లకే కన్నుమూసిన అతని సమాధి న్యూ జెరూసలేం చర్చిలో ఉంది. అతనున్న ఇల్లు 2017లో మ్యూజియంగా మారింది.

జీగెన్‌బాల్గ్‌ చనిపోయిన 1719లోనే ఇక్కడికొచ్చిన బెంజమిన్‌ షుల్జ్‌ ఆ పనిని కొనసాగించాడు. తర్వాత మద్రాసు వెళ్లి తెలుగు నేర్చుకున్నాడు. స్వదేశానికి తిరిగివెళ్లాక 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. అచ్చయిన తొలి తెలుగు పుస్తకాలు అవేనంటారు. అంటే... మన అచ్చక్షరాల ప్రయాణంలో ఒక మజిలీ ఈ వీధి!

సముద్రం అడిగే కౌలు

1845లో డేన్లు ఈ ఊరినీ, బెంగాల్‌లోని సెరాంపూర్‌నూ కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు ఆంగ్లేయులకు అమ్మేశారు. 1860 వరకూ ఇది తంజావూరు జిల్లా కేంద్రంగా ఉంది. ఆ తర్వాత రైలు, రేవు నాగపట్నానిదయ్యాయి. తరంగంబాడి చిన్నబోయింది. 1926లో ఆలస్యంగా వచ్చిన మీటర్‌గేజి రైలు కూడా 1986లో ఆగిపోయింది. ఊరు పెరగలేదు కాబట్టే పాత ఇళ్లు కూలలేదు. కాలం చేసిన అన్యాయమే ఇలా కలిసొచ్చింది!

సముద్రం మాత్రం ఊరుకోవడంలేదు. డేన్లకంటే మూడు శతాబ్దాల ముందే, 1306లో పాండ్యరాజు మారవర్మన్‌ కులశేఖరుడి కాలంలో వెలసిన మాసిలామణినాథర్‌ ఆలయం ఒకప్పుడు ఒడ్డుకు దూరంగా ఉండేది. అలలు తోసుకొస్తూ దాని ముందుభాగాన్ని పట్టుకుపోయాయి. 2004 డిసెంబరు 26న సునామీ ఈ ఊళ్లో వందల ప్రాణాలు తీసింది. ఒకప్పటి కలెక్టరు బంగళా, కోట నిలబడ్డాయి. గుడిసెలూ పడవలూ నిలబడలేదు. ఆ విషాదం తర్వాతే వారసత్వ కట్టడాల పునరుద్ధరణ ఊపందుకుంది. పాత పెంకుటిళ్లను కూల్చకుండా బాగుచేశారు. కలెక్టరు బంగళా హోటలైంది. పర్యాటకులొస్తే ఊరివాళ్లకు నాలుగు రూపాయలు, ఆ కట్టడాలకు మరికొన్నేళ్ల ఆయుష్షు. సెలవుల్లో ఇక్కడికి రావడానికి అంతకంటే మంచి కారణం ఏముంటుంది?

తెల్లవారుజామునే లేచి ఆలయం దగ్గర రాళ్లగట్టు మీద కూర్చుంటే ఎదురుగా సూర్యోదయం, వేట ముగించుకుని వచ్చే పడవలు. ఈతకు మాత్రం దిగొద్దు, ఇక్కడి సముద్రం నమ్మదగ్గది కాదు. ఒడ్డున కూర్చుని వినడానికైతే ఆ అలల పాటకు టిక్కెట్టు లేదు!

ఇలా వెళ్లాలి

తరంగంబాడి తమిళనాడులోని మైలాడుదురై జిల్లాలో ఉంది. చెన్నై నుంచి పుదుచ్చేరి, చిదంబరం, శీర్కాళి మీదుగా దాదాపు 280 కిలోమీటర్లు. రైల్లో అయితే మైలాడుదురైలో దిగి 30 కిలోమీటర్లు బస్సులో వెళ్లాలి. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకూ వాతావరణం హాయిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో వానలు, తుపాన్లు ఎక్కువ. కోట మ్యూజియానికి వారపు సెలవు ఉంటుంది కాబట్టి ముందే కనుక్కోవడం మేలు. షష్టిపూర్తులకు పేరుపొందిన తిరుక్కడయూర్‌ ఆలయం పక్కనే. పూంపుహార్‌, తిరునల్లారు, నాగూర్‌ దర్గా, వేలాంకణ్ణి... అన్నీ గంట, గంటన్నర ప్రయాణంలోనే!