ఆకాశానికి రహదారి చీటీ

శ్రీహరికోటలో రాకెట్టు లేవబోతున్నదంటే ఇస్రో పెద్దలు దాని నమూనాను తిరుమలకు తెచ్చి స్వామివారి సన్నిధిలో పూజ చేయించడం మనవారందరూ ఎరిగిన ముచ్చటే. కాని స్వామి అనుగ్రహంతోపాటు సర్కారువారి అనుమతి కూడా ఉంటేనే ప్రైవేటు కంపెనీ రాకెట్టు నేల విడుస్తుందన్న సంగతి చాలామంది ఎరుగరు. బస్సుకు పర్మిట్టు, సినిమా హాలుకు లైసెన్సు ఉన్నట్లే ఆకాశానికీ ఒక రహదారి చీటీ ఉన్నది. 2022 ఏప్రిల్ 4న శ్రీహరికోట కొత్త తిరుపతి జిల్లాలో చేరింది గనుక ఈ చీటీ కథ ఇప్పుడు మన జిల్లా కథే.

ఆకాశం ఎవరి సొత్తూ కాదు గదా, అనుమతి దేనికి అని ఎవరైనా అడగవచ్చు. సొత్తు ఎవరిదీ కాకపోయినా, పూచీ మాత్రం ఒకరిది ఉండాలి. 1967 నాటి అంతరిక్ష ఒడంబడిక చెప్పేది ఇదే. ఒక దేశంలోని ప్రైవేటు కంపెనీ అంతరిక్షంలో ఏం చేసినా ఆ దేశ ప్రభుత్వమే జవాబుదారీ. కనుక ముందు అనుమతి ఇవ్వాలి, తరువాత కనిపెట్టి ఉండాలి. 1972లో నష్టపరిహారపు ఒప్పందం వచ్చింది. దాని ప్రకారం ఉపగ్రహాన్ని పంపించుకున్న దేశమే కాక, ఏ దేశపు గడ్డమీదినుంచి అది లేచిందో ఆ దేశం కూడా బాధ్యత వహించాలి. అంటే పరాయి దేశపు ఉపగ్రహమైనా సరే, శ్రీహరికోటనుంచి ఎగిరితే దాని మంచిచెడ్డలలో మనకూ పాలు ఉన్నదన్నమాట.

ఇది కాగితం మీది మాట మాత్రమే కాదు. 1978 జనవరిలో సోవియట్ రష్యావారి కాస్మాస్ 954, అణుయంత్రంతో సహా, కెనడా ఉత్తరభాగంలో కూలిపోయింది. మంచుదిబ్బలమీద శకలాలు ఏరడానికి కెనడా పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. చివరకు 1981లో సోవియట్ ప్రభుత్వం 30 లక్షల కెనడా డాలర్లు చెల్లించింది.

మన కోటలోనే జరిగిన కథ మరొకటి ఉన్నది. అమెరికాలోని స్వార్మ్ టెక్నాలజీస్ అనే కంపెనీ స్పేస్‌బీ అనే నాలుగు బుల్లి ఉపగ్రహాలను తయారుచేసింది. ఒక్కొక్కటి 10 సెంటీమీటర్ల చదరం, 2.8 సెంటీమీటర్ల మందం, అరచేతిలో ఇమిడిపోతుంది. ఇంత చిన్నవి రాడార్లకు సరిగా ఆనకపోవచ్చునని అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2017 డిసెంబరులో లైసెన్సు నిరాకరించింది. కక్ష్యలో తిరిగే వస్తువు సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు పోతుంది. ఆ వేగాన తిరుపతినుంచి చిత్తూరుకు పది సెకన్ల ప్రయాణం! కనిపించని వస్తువు ఆ వేగంతో తగిలితే కోట్ల రూపాయల ఉపగ్రహం తునాతునకలవుతుంది.

అయినా 2018 జనవరి 12న మన పి.ఎస్.ఎల్.వి. మోసుకుపోయిన 31 ఉపగ్రహాలలో ఆ నాలుగూ ఉన్నాయి. సంగతి బయటపడ్డాక కంపెనీ రాజీకి వచ్చి 9 లక్షల డాలర్లు చెల్లించుకున్నది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల! ఆ తరువాత బుద్ధిగా లైసెన్సు పుచ్చుకుని, 2021 ఫిబ్రవరి 28న మరి 12 స్పేస్‌బీలను మళ్ళీ శ్రీహరికోటనుంచే పంపించింది.

మన దేశంలో చాలాకాలం రాకెట్టు కట్టేదీ, ఎగరేసేదీ ఇస్రోయే కావడంవల్ల లైసెన్సు ప్రసక్తి అంతగా రాలేదు. ప్రైవేటు కంపెనీలకు 2020లో తలుపులు తెరిచారు. అనుమతులివ్వడానికి ఇన్‌స్పేస్ అనే సంస్థ ఏర్పడింది. దాని కార్యస్థానం అహమ్మదాబాదు. రాకెట్టు ఏ దారిన పోతుంది, ఖాళీ అయిన అంచెలు సముద్రంలో ఎక్కడ పడతాయి, పని తీరిన ఉపగ్రహం గతి ఏమిటి, ప్రమాదం జరిగితే నష్టం భరించేదెవరు — ఇవన్నీ తేలాలి. ఆ అనుమతితోనే హైదరాబాదు కంపెనీ స్కైరూట్ వారి విక్రమ్-ఎస్ 2022 నవంబరు 18న శ్రీహరికోటనుంచి లేచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పోయివచ్చింది. మన దేశంలో ప్రైవేటు రాకెట్టు ఎగరడం అదే మొదలు. 2024 మే 30న చెన్నైకి చెందిన అగ్నికుల్ వారు అక్కడే సొంత వేదిక మీదినుంచి తమ రాకెట్టును ఎగరేశారు.

ఈ తనిఖీలవల్ల ఆలస్యమవుతుందని వ్యాపారస్థులు గొణగడం సహజమే. కాని 2010 డిసెంబరు 25ను తలచుకోండి. ఆనాడు జి.ఎస్.ఎల్.వి. దారి తప్పగా, నిమిషం పైచిలుకులోనే భద్రతాధికారి ఆజ్ఞతో దానిని గాలిలోనే పేల్చివేశారు. శకలాలు బంగాళాఖాతంలో పడ్డాయి. ఇస్రో రాకెట్టుకే అంత జాగ్రత్త తప్పనప్పుడు కొత్తగా వచ్చిన కంపెనీలకు మినహాయింపు ఎలా కుదురుతుంది? ప్రయోగం నాడు వేటకు పోవద్దన్న హెచ్చరిక విని, ఆనాటి కూలి వదులుకుని పడవ ఒడ్డున కట్టివేసే జాలరి కూడా ఈ వ్యాపారంలో తన వంతు చెల్లిస్తున్నవాడే. 2023లో వెలువడిన అంతరిక్ష విధానం విధానమేగాని చట్టం కాదు. పూచీ ఎవరిది, పరిహారం ఎంత అన్నవి చట్టంలోనే స్పష్టంగా ఉండడం కంపెనీకీ మంచిదే, జాలరికీ మంచిదే.