మాక్‌బెత్ రాణి: నాటకమును, చరిత్రయు

ఆంగ్లకవులలో అగ్రగణ్యుడగు షేక్స్‌పియరు రచించిన విషాదాంత నాటకములలో మిక్కిలి చిన్నదియు, మిక్కిలి భయంకరమైనదియు మాక్‌బెత్. కళాశాలలలో చదివిన సోదరీమణులు పాఠ్యగ్రంథముగ దీని నెరిగియే యుందురు. ఎరుగని వారికొరకు కథను సంగ్రహముగ చెప్పెదను.

స్కాట్లండు దేశమున మాక్‌బెత్ అను సేనాని యుద్ధమున జయించి తిరిగి వచ్చుచుండగా ముగ్గురు మంత్రగత్తెలు త్రోవలో కానవచ్చి, నీవు రాజువగుదువని జోస్యము చెప్పిరి. అతడు ఆ మాటను భార్యకు జాబు వ్రాసెను. ఆమె రాజ్యకాంక్షతో మండిపోయి, తమ యింటికి అతిథిగ వచ్చిన వృద్ధుడగు డంకన్ మహారాజును నిద్రలోనే చంపుమని భర్తను పురికొల్పినది. అతడు వెనుదీసిన కొలది నీవు మగవాడవా యని యెత్తిపొడిచినది. హత్య జరిగినది, సింహాసనము దొరకినది, నిద్రమాత్రము ఆ దంపతులకు దూరమైనది. తుదకు రాణి నిద్రలో నడచుచు, లేని నెత్తుటి మరకను చేతులనుండి కడుగుకొనుచు, మతిచెడి మరణించినది. రాజు యుద్ధమున చచ్చెను.

భర్తను పాపమునకు ప్రేరేపించిన భార్య యనగానే పాశ్చాత్యులకు మొట్టమొదట తోచు పేరు లేడీ మాక్‌బెత్. మనలో కైకేయి పేరు ఎట్లో వారిలో ఈమె పేరు అట్లు. ఐతే మాక్‌బెత్ కల్పితపురుషుడు కాడు. నిజముగ స్కాట్లండు నేలిన రాజు. అతని రాణియు నిజముగ నుండినదే. ఆమెకు ఒక పేరుకూడ కలదు. ఆ పేరు నాటకములో ఎక్కడను లేదు. ఆమె పేరు గ్రూఖ్. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ముఖ్యముగ ఆమెను గూర్చియే.

మాక్‌బెత్ 1040వ సంవత్సరము మొదలు 1057 వరకు రాజ్యము చేసెను. ఆ కాలమున మన ఆంధ్రదేశమున రాజమహేంద్రవరమందు రాజరాజనరేంద్రుడు ప్రభువుగ నుండెను. అనగా నన్నయభట్టారకుడు మహాభారతమును తెనిగించుచుండిన రోజులకును, మాక్‌బెత్ రోజులకును ఎడము లేదన్నమాట. ఆ కాలపు స్కాట్లండులో రాజ్యము తండ్రి పిమ్మట కుమారునకు తప్పక వచ్చునను నియమము లేదు. రాజవంశము శాఖలుగ చీలియుండెను. ఒక శాఖవాడు ఏలిన తరువాత వేరొక శాఖవాడు, వయసును పరాక్రమమును గలవాడు, రాజగుట పూర్వాచారము. ఈ ఆచారము వలన కలహములును హత్యలును మెండుగ జరుగుచుండెను. రెండవ మాల్కమ్ అను రాజు దీనిని తప్పించి, తన కుమార్తె కుమారుడగు డంకన్‌నకు రాజ్యము దక్కునట్లు చేసి 1034లో కాలధర్మము నొందెను.

గ్రూఖ్ ఈ రాజవంశములోని వేరొక శాఖకు చెందినది. ఆమె తండ్రి పేరు బోయిటే. తాత కెన్నెత్ అను రాజు. కావున రాజరక్తము ఆమె పుట్టినింట నుండెను. మాల్కమ్ ఆ పుట్టినింటి పురుషులను బ్రదుకనీయలేదు. వారిలో నొకడు 1033లో అతనిచే చంపబడినట్లు ఐర్లండు దేశపు సంవత్సర వృత్తాంతములు చెప్పుచున్నవి. అంతకు ఒక్క యేడు ముందే ఆమె మెట్టినింటను ఘోరము జరిగినది. ఆమె మొదటి భర్త గిల్లకోవ్‌గన్ ఉత్తరదిక్కున మరే అను ప్రాంతమునకు అధిపతి. 1032లో అతడు ఏబదిమంది పరివారముతో కూడ అగ్నికి ఆహుతి గావింపబడెను. ఆ నిప్పు పెట్టిన దెవరో ఆ వృత్తాంతము చెప్పలేదు. గ్రూఖ్ చేతిలో లూలఖ్ అను పసివాడు మిగిలెను.

అటుపిమ్మట ఆమె మాక్‌బెత్‌ను పెండ్లాడినది. ఈతడును మరే ప్రాంతపు అధిపతుల కుటుంబమువాడే. ఇతని తండ్రిని 1020లో చంపినవారు దాయాదులు. ఆమె మొదటి భర్తయు ఆ దాయాదులలోని వాడే. ఆ పెండ్లికి ఆమె ఇష్టపడినదో, బిడ్డను కాపాడుకొనుటకై తల యొగ్గినదో, ఏ గ్రంథమును చెప్పలేదు. ఆ కాలమున రాజవంశపు స్త్రీని ఎవరును అడిగి వ్రాసియుండలేదు. ఒక్కటి మాత్రము నిజము. మాక్‌బెత్ ఆ బిడ్డను చంపలేదు. అతడే తరువాత రాజ్యమునకు వారసుడయ్యెను.

ఇక డంకన్ సంగతి. నాటకములో అతడు తల నెరసిన సాధువు. చరిత్రలో అతడు చిన్నవయసువాడు. యుద్ధములలో అదృష్టము లేనివాడు. 1039లో ఇంగ్లండుమీదికి దండెత్తి డర్హామ్ పట్టణమువద్ద ఓడివచ్చెను. మరుసటి యేడు సైన్యముతో మాక్‌బెత్ సీమయగు మరేమీదికి పోయెను. అక్కడ ఎల్గిన్ పట్టణము సమీపమున 1040 ఆగస్టులో మరణించెను. అతిథిగ వచ్చి పానుపుపై చావలేదు. దండెత్తి వచ్చి పోరులో మడిసెను. అర్ధరాత్రము లేదు, కత్తి పట్టించిన ఇల్లాలు లేదు.

అనంతరము మాక్‌బెత్ పదునేడు సంవత్సరములు ఏలెను. రాజులు తరచు నేలగూలుచుండిన ఆ దినములలో ఇది స్వల్పకాలము కాదు. 1050లో అతడు రోము నగరమునకు యాత్ర వెళ్లి అచ్చటి బీదలకు ధనమును విత్తనములవలె వెదజల్లెనని ఆ కాలపు సన్న్యాసి యొకడు వ్రాసియున్నాడు. ప్రజలు తిరుగబడుదురను భయము గల క్రూరుడు అంతదూరము పోయి రాగలడా? 1054లో నార్తంబ్రియా ప్రభువగు సివార్డు దండెత్తి అతనిని ఓడించెను. మూడేండ్ల పిమ్మట 1057లో లంఫానన్ అను చోట డంకన్ కుమారుడగు మాల్కమ్ అతనిని వధించెను. గ్రూఖ్ కుమారుడు లూలఖ్ కొలదినెలలు రాజుగ నుండి 1058లో తానును హతుడయ్యెను.

గ్రూఖ్ రాణిగా చేసిన పని ఒకటి మాత్రము మనకు దక్కినది. లాక్ లెవెన్ అను సరస్సులోని ద్వీపమున నివసించు సన్న్యాసులకు కర్క్‌నెస్ అను భూమిని దానము చేసిన పత్రము కలదు. అందు దాతలుగ మాక్‌బెత్ పేరును, గ్రూఖ్ పేరును ప్రక్కప్రక్కన, స్కాట్లకు రాజును రాణియు నని కానవచ్చును. లోకమునకు నెత్తుటిచేతుల రాణిగ తెలిసిన స్త్రీనిగూర్చి సమకాలమునుండి వచ్చిన సాక్ష్యము ఒక దానపత్రము!

మరి ఈమె ఆమెగా ఎట్లు మారినది? మాక్‌బెత్‌ను చంపిన మాల్కమ్ సంతతివారే అటుపిమ్మట చిరకాలము స్కాట్లండు నేలిరి. ఓడినవాని కథను గెలిచినవాని యింట వ్రాసిన ఎట్లుండును? తరతరమునకు మాక్‌బెత్ నల్లబడెను, డంకన్ తెల్లబడెను. 1527లో హెక్టర్ బోయీస్ అను పండితుడు లాటిన్‌లో స్కాట్లండు చరిత్రను ప్రకటించెను. అందు బ్యాంకో అను వీరుని కల్పించి, అప్పటి స్టూవర్టు రాజులకు మూలపురుషునిగ చేసెను. 1577లో ఇంగ్లండున హాలిన్‌షెడ్ పేరిట వెలువడిన చరిత్రసంపుటములలోనికి ఈ కథ లన్నియు ఎక్కెను. షేక్స్‌పియరు వానినే ముందు పెట్టుకొని నాటకము వ్రాసెను.

ఆ గ్రంథములోనైనను మాక్‌బెత్ భార్యనుగూర్చి ఉన్నది స్వల్పమే. రాణి యనిపించుకొనవలెనను కోరికతో భర్తను తొందరపెట్టెనని మాత్రము కలదు. తక్కిన దంతయు షేక్స్‌పియరు వేరొక కథనుండి తెచ్చి కలిపెను. అదే గ్రంథములో, మాక్‌బెత్‌కు ముందటి శతాబ్దమున డఫ్ అను రాజును డాన్‌వాల్డు అనువాడు తన కోటలో నిద్రించుచుండగా చంపించిన కథ కలదు. భార్య ఉపాయము చెప్పుట, కావలివారికి మద్యము పోసి మత్తుగొలుపుట, తెల్లవారిన పిదప ఆ కావలివారినే దోషులని నరుకుట ఇవన్నియు ఆ కథలోనివి. డాన్‌వాల్డు భార్య చేసిన పనిని తెచ్చి కవి గ్రూఖ్ తలకు చుట్టెను. నాటకమునకు బిగువు వచ్చెను. గ్రూఖ్‌కు అపకీర్తి వచ్చెను.

ఈ నాటకము పుట్టిన కాలమును చూచిన మరికొన్ని సంగతులు తెలియును. 1603లో స్కాట్లండు రాజగు జేమ్సు ఇంగ్లండునకును రాజయ్యెను. షేక్స్‌పియరు నాటకసమాజము ఆయన పేరిట రాజుగారి సమాజమయ్యెను. రాజు స్టూవర్టు వంశజుడు. కావున బ్యాంకో నాటకములో నిర్దోషి యయ్యెను. హాలిన్‌షెడ్ గ్రంథములో బ్యాంకోకూడ డంకన్ హత్యలో తోడుదొంగయే! రాజుగారి పూర్వుని మచ్చ తుడువబడినది. అడుగువారు లేని రాణి మచ్చ పెద్దదైనది. 1605 నవంబరు 5వ తేదీన పార్లమెంటు భవనము క్రింద తుపాకిమందు పెట్టి రాజును చంప జూచిన కుట్ర బయటపడెను. ఆ మరుసటి సంవత్సర ప్రాంతమున రాజహత్యా పాతకమును చూపు ఈ నాటకము వెలసెను.

మంత్రగత్తెల కథయు ఆ రాజుతో ముడిపడినదే. 1590లో జేమ్సు డెన్మార్కు రాచకన్నియను పెండ్లాడి ఓడలో తిరిగి వచ్చుచుండ తుపానులు రేగెను. ఆ గాలులను మంత్రములతో లేపినారని కొందరిని పట్టి హింసించి విచారించిరి. ఆగ్నెస్ సాంప్సన్ అను స్త్రీని రాజే స్వయముగ ప్రశ్నించెను. ఆమెను 1591లో చంపించిరి. 1597లో రాజు పిశాచవిద్యనుగూర్చి ఒక గ్రంథముకూడ వ్రాసెను. స్కాట్లండులో ఇట్టి నేరము మోపబడినవారిలో నూటికి ఎనుబదిమందికి పైగా స్త్రీలే. నాటకమున మంత్రగత్తెలను చూచి ప్రేక్షకులు వినోదించుచుండిన రోజులలోనే వెలుపల నిజమైన ముసలమ్మలు ఉరికంబముల నెక్కుచుండిరి. ఆ చట్టము 1736లో రద్దయ్యెను. 2022 మార్చి 8వ తేదీన, అంతర్జాతీయ మహిళాదినోత్సవమునాడు, స్కాట్లండు ప్రథమమంత్రి నికోలా స్టర్జన్ తమ శాసనసభలో ఆ బాధితులకు క్షమాపణ చెప్పినది. నాలుగు శతాబ్దములు దాటిన తరువాతనైనను ఆ మాట అనిపించుకొనుట వారి ఆత్మలకు కొంత న్యాయమే.

షేక్స్‌పియరు కాలమున స్త్రీలు రంగస్థల మెక్కుట లేదు. మన స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషము కట్టినట్లే, అక్కడ బాలురు స్త్రీవేషములు ధరించెడివారు. 1660కి పిమ్మటనే ఆంగ్లస్త్రీలు అచ్చటి నాటకశాలలలో నటింప మొదలిడిరి. ఈ పాత్రకు జీవము పోసినదని పేరొందిన నటి సారా సిడన్సు. 1785లో లండనునందు ఆమె ఈ వేషము కట్టినపుడు, నిద్రలో నడచు రంగమున చేతిలోని దీపమును క్రిందపెట్టి రెండు చేతులును కడుగుకొనినట్లు అభినయించెను. అంతవరకు నటీమణులు దీపమును విడిచెడివారు కారు. 1812లో ఆమె వీడుకోలు ప్రదర్శనమునాడు ఆ రంగము ముగియగానే ప్రేక్షకులు మిగిలిన నాటకమును సాగనీయలేదట. ఈ రాణిని రాక్షసివలె గాక, సుకుమారియగు అందకత్తెగా తాను భావించితినని సిడన్సు వ్రాసికొనినది. వేషము వేసిన స్త్రీకే ఆ స్త్రీ హృదయము తెలిసినది కాబోలు.

ఇట్టిది పరదేశములోనే కాదు. మాక్‌బెత్‌కు సమకాలికుడగు మన రాజరాజనరేంద్రునికిని ఇట్టి గతియే పట్టినది. సారంగధర నాటకము చూచి కన్నీరు పెట్టని తెలుగిల్లాలు మన తల్లుల కాలమున అరుదు. సవతికొడుకును కామించి, అతడు కాదనగా నింద మోపి చేతులు కాళ్లు నరికించిన చిత్రాంగి ఆ కథలోనిది. రాజరాజు శాసనములలో చిత్రాంగియు లేదు, సారంగధరుడును లేడు. శాసనములు చెప్పు రాణి రాజేంద్రచోళుని కుమార్తె అమ్మంగదేవి. కుమారుడు చేతులు తెగినవాడు కాదు, కులోత్తుంగుడను పేర చోళరాజ్యమును ఏలిన చక్రవర్తి. ఐనను రాజమహేంద్రవరమనగానే జనులకు చిత్రాంగి జ్ఞప్తికి వచ్చును. అమ్మంగదేవి పేరు ఎందరికి తెలియును?

ఇంతమాత్రమున షేక్స్‌పియరును నిందింపవలెనని నా అభిప్రాయము కాదు. కవి చరిత్రకారుడు కాడు. పైగా నిద్రలో నడచు ఆ రంగము ఏ పూర్వగ్రంథములోను లేదు; అది కేవలము అతని సృష్టి. రాణి యొడలిలో పశ్చాత్తాపమును నింపి, ఆమెను చూచి జాలిపడునట్లు చేసినవాడు అతడే. తాను బిడ్డకు పాలిచ్చిన దాననని నాటకములో ఆమె ఒక్కమారు చెప్పును. ఆ బిడ్డ ఎవరో నాటకము చెప్పదు. చరిత్ర చెప్పును: లూలఖ్. భర్త మంటలలో పోగా ఆ తల్లి చేత మిగిలినవాడు.

సోదరీమణులారా! మన యిండ్లలోను, వీధులలోను ఇట్టి నాటకములు చిన్నవి దినమును జరుగుచునే యున్నవి. అన్నదమ్ములు విడిపోయిన, కోడలు చెప్పినదందురు. మగవాడు చెడిన, వెనుక ఆడుది యున్నదందురు. చెప్పినవాడు గట్టిగ చెప్పిన అదియే చరిత్ర యగును. ఇకమీదట మాక్‌బెత్ నాటకమును చదువునపుడు గాని చూచునపుడు గాని, ఆ కవిత్వమును తనివార ఆస్వాదింపుడు. పిదప ఒక్క క్షణము లాక్ లెవెన్ సరస్సున కెదుట తన పేర భూమి దానమిచ్చిన గ్రూఖ్‌ను కూడ తలచుకొనుడు. ఆమె పేరును మన పిల్లలకు చెప్పినను ఆమెకు కొంత ఋణము తీర్చినట్లే యగును.