మొక్కుకు ముందు లెక్క

"మొక్కు తీర్చడానికి అప్పు చేయవచ్చునా?" అని శ్రీ లక్ష్మీ చెన్నకేశవస్వామి దర్శనార్థం మార్కాపురం వచ్చే భక్తులు కొందరు నన్ను అడుగుతూ ఉంటారు. ముందుగా ఇంటి ఆదాయవ్యయాల పట్టిక వ్రాసుకోవలసినదిగా వారికి మనవి చేస్తుంటాను. స్వామికి సమర్పించదగిన భాగం ఎంతో ఆ పట్టికయే తెలుపుతుంది.

ఇది నేటి మాట కాదు. శ్రీమద్భాగవతం అష్టమ స్కంధంలో, వామనునికి దానమీయ సంకల్పించిన బలిచక్రవర్తికి శుక్రాచార్యుడు ధనవిభాగాన్ని బోధిస్తాడు. ధర్మం, యశస్సు, అర్థం, కామం, స్వజనం అని విత్తాన్ని ఐదు విధాలుగా పంచుకొన్నవాడు ఇహపరాలలో సుఖిస్తాడని దాని భావం. బలి ఆ హితవును కాదని సర్వస్వం అర్పించి ధన్యుడైనాడు. అది సాక్షాత్తు శ్రీహరియే వచ్చి యాచించిన సందర్భం. గృహస్థులమైన మనకు ఆ ఐదు భాగాలే మార్గం.

తిండి, అద్దె, చదువు, వైద్యం స్వజన భాగం. విత్తనాలు, పనిముట్లు, పొదుపు అర్థభాగం. వస్త్రాలు, వినోదాలు కామభాగం. పెండ్లి చదివింపులు, ఊరి కార్యాలు యశోభాగం. దానం, దైవకార్యం ధర్మభాగం. ఇవి సమానంగా ఉండనక్కరలేదు. నెలకు రూ.20,000 వచ్చే ఇంటిలో స్వజనానికి 13,000, అర్థానికి 4,000, కామానికి 1,200, యశస్సుకు 1,000, ధర్మానికి 800 అనుకొందాం. ఆ 800 నెలనెలా వేరుగా ఉంచితే సంవత్సరానికి 9,600 అవుతుంది. అదే యాత్రకు నూటికి రెండు రూపాయల వడ్డీతో 10,000 అప్పు తెస్తే, ఏడాదికి వడ్డీయే 2,400.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో అనేకులకు నెలజీతం లేదు. మిరప, కంది, పత్తి అమ్మిన నాడే చేతికి డబ్బు వస్తుంది. వారికి కంభం చెరువే గురువు. వానలు కొన్ని దినాలే కురుస్తాయి. గుండ్లకమ్మ తెచ్చిన ఆ నీటిని చెరువు నిలిపి, తూముల ద్వారా పొలాలకు కొలతగా వదలుతుంది. పంట సొమ్ములో ముందు వచ్చే సాగు పెట్టుబడిని తీసి ఉంచి, మిగిలినదానిని పన్నెండు నెలలకు పంచుకొంటే, ఏ నెల భాగాన్ని ఆ నెలలో పై విధంగానే విభజించుకోవచ్చు.

పట్టిక వ్రాయడం సులభం, పాటించడమే కష్టం. అందుకు మన మార్కాపురం పలకయే చాలు. ఐదు గడులు గీసి, ఇంటిల్లిపాదికీ కనబడేచోట తగిలించండి. ప్రతి సాయంత్రం దీపారాధన అనంతరం ఆనాటి ఖర్చును దాని గడిలో వ్రాయండి. ఒక గడి నిండితే కామభాగం నుండి సర్దుకోవాలి గాని, బిడ్డల చదువు నుండి తీయరాదు. నెలాఖరున మొత్తాలను పుస్తకంలోకి ఎక్కించి పలకను తుడవండి. మన పొదుపు సంఘాల మహిళలు నిర్ణీత దినాన కూడి పొదుపు కట్టి, పద్దు వ్రాసుకొన్నట్లే, ఇంటివారందరూ ఒక తేదీన కూర్చుని లెక్క చూసుకోవాలి.

ధర్మభాగంలో ఉన్నంతలోనే మొక్కు చెల్లించండి. చాలకుంటే నిండేవరకు ఆగండి. భక్తితో ఇచ్చిన పత్రమో, పుష్పమో, ఫలమో, జలమో స్వీకరిస్తానని గీత తొమ్మిదవ అధ్యాయంలో భగవానుడే అభయమిచ్చినాడు. అప్పు తెచ్చి హుండీలో వేయమని ఆయన ఎన్నడూ కోరలేదు.