ఇంకు పెన్నుల్లో దేని డాబు ఎంత?

ఫౌంటెన్ పెన్ను అవసరం తీరిపోయి చాలా కాలమైంది. 1884లో లూయిస్ వాటర్‌మన్ పేటెంటు పొందిన నాటి నుంచి సుమారు అరవై ఏళ్లపాటు కంపెనీలన్నీ ఒకే సమస్యతో కుస్తీ పట్టాయి: సిరా కక్కకుండా, మధ్యలో ఆగకుండా పాళీ దాకా ఎలా దిగాలి? 1950లో ఫ్రాన్స్ నుంచి బిక్ చవక బాల్‌పెన్ను దిగాక ఆ కుస్తీ చూసేవాళ్లు తగ్గిపోయారు. సిరాబుడ్డి, జేబు మీద మరక, వేళ్లకు నీలం రంగు, ఇవేవీ లేకుండానే రాసుకోవచ్చని జనానికి తెలిసిపోయింది. ఇక ఇంకు పెన్నుకు మిగిలింది చాలావరకు హోదాయే. కాబట్టి వీటికి ర్యాంకులు ఇవ్వాలంటే రాతను కాదు, దర్పాన్నే చూడాలి. అలాగని ధర చీటీ చూసి దర్పాన్ని అంచనా వేస్తే తప్పులో కాలేసినట్టే. నా లెక్క వేరు: ఒక పెన్నును చూడగానే గుర్తుపట్టేవాళ్లు ఎంత తక్కువమంది ఉంటే, దాని డాబు అంత ఎక్కువ.

ఈ లెక్కలో అట్టడుగు మెట్టు చైనా హీరో పెన్నుది. ఒక తరం విద్యార్థులు దాంతో పరీక్షలు రాసి, ఆ తర్వాత మరిచిపోయారు. తమాషా ఏమిటంటే, పాళీని కొస దాకా కప్పేసిన ఆ రూపం హీరో సొంతం కాదు. అది 1941లో అమెరికాలో వచ్చిన పార్కర్ 51ది. కాగితం మీద చిటికెలో ఆరిపోయే సిరా పాళీ మీద కూడా ఆరిపోకూడదని పార్కర్ వాళ్లు దానికి ఆ ముసుగు వేశారు. అదే ముసుగు ఒకరికి పరీక్షల పెన్ను, మరొకరికి పాత వస్తువుల పెట్టెలో దాచుకునే నిధి. పార్కర్ పేరుకు పట్టిన గతి ఇంకా విచిత్రం. విదేశాల నుంచి వచ్చిన బంధువు చేతిలో పెడితే తప్ప దొరకని రోజుల్లో, బాణం ఆకారపు ఆ క్లిప్పు చొక్కా జేబు మీద కనిపిస్తే ప్లీడరుగారి ఫీజు పెరిగేది. ఆ తర్వాత ఇక్కడే తయారై వీధి చివర స్టేషనరీ షాపులో వేలాడటం మొదలైంది. బాణం మారలేదు, గుర్తుపట్టేవాళ్లు పెరిగారు, అంతే. జర్మనీ లామీ కంపెనీ 1980లో బడిపిల్లల కోసమని తెచ్చిన సఫారీ ఇప్పుడు పెద్దల చేతుల్లోనూ ఉంది. దాన్ని ఈ రెండింటి పక్కనే కూర్చోబెట్టి ముందుకు వెళ్దాం.

అందరూ శిఖరం అనుకునేది మాంట్ బ్లాంక్. 1924 నుంచి వస్తున్న మైస్టర్‌ష్టుక్, అందులోనూ 1952 నాటి 149, మూత మీద తెల్లని నక్షత్రంతో మంత్రుల సంతకాల ఫొటోల్లో మెరుస్తుంది. ఫ్రాన్స్, ఇటలీ సరిహద్దు కొండ పేరు పెట్టుకుని, ఆ కొండ ఎత్తు 4810ని పాళీ మీద చెక్కుకునే ఈ కంపెనీ ఉన్నది మాత్రం ఏ కొండా లేని హాంబర్గ్ రేవులో. పెన్ను ఒంటికి వాడే పదార్థాన్ని కంపెనీ ఘనంగా అమూల్యమైన రెసిన్ అంటుంది గానీ, గిట్టనివాళ్లు ప్లాస్టిక్ అని తేల్చేస్తారు. రాతలో వంక పెట్టేంత లోపం లేదు. అయినా దీనికి నేనిచ్చేది మధ్య మెట్టే. పెన్నుల గురించి ఏమీ తెలియనివాడు కూడా పోల్చుకునేలా ఆ నక్షత్రం పెట్టారు, అదే దీని బలహీనత. అసలైన టెక్కు దీన్ని చూసి పెదవి విరిచేవాళ్ల దగ్గర ఉంటుంది. వాళ్ల జేబులో పెద్దగా మార్పులేకుండా 1966 నుంచి వస్తున్న లామీ 2000 ఉంటుంది. ఇంకా ముదిరితే, జపాన్ లక్కపూత మీద బంగారు పొడితో నెలల తరబడి చిత్రించే నమికి మకి-ఎ పెన్ను ఉంటుంది. ఎదుటివాడు గుర్తుపట్టకపోతే వాళ్లకు నిరాశ కాదు, సంతృప్తి.

ఖరీదైన పెన్ను నిజంగానే బాగా రాస్తుంది కదా, దాన్ని డాబు అని కొట్టిపారేస్తే ఎలా అని అడగొచ్చు. కొంతవరకు నిజమే. వంద రూపాయల పెన్నుకూ కొన్ని వేల పెన్నుకూ తేడా చెయ్యి పట్టేస్తుంది. ఆ పైన మాత్రం తేడా సన్నబడుతుంది. ఒకప్పుడు సిరాలోని ఆమ్లం ఉక్కును తినేసేది కనుక బంగారు పాళీ అవసరమైంది. స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చాక ఆ అవసరం తీరింది. పైగా కాగితాన్ని తాకేది బంగారం కాదు, కొసకు అతికించిన గట్టి మిశ్రలోహపు చిన్న గింజ. అది స్టీలు పాళీకీ ఉంటుంది. బంగారానికి మిగిలింది కాస్త మెత్తదనం, బోలెడు పేరు. జర్మనీలోని బాక్, యోవో అనే రెండు సంస్థలు ఎన్నో బ్రాండ్లకు పాళీలు చేసిపెడతాయి. పేర్లు వేరైనా పాళీల పుట్టిల్లు చాలాసార్లు ఒకటే. పాళీ కింద ఉండే గాడుల నాలుక సిరానూ గాలినీ సరిగ్గా మార్చుకుంటే పెన్ను రాస్తుంది, లేకపోతే లేదు. ఆ నాలుకకు మీరెంత పెట్టి కొన్నారో తెలియదు.

గుర్తుపట్టేవాళ్లు తగ్గేకొద్దీ డాబు పెరుగుతుందన్న నా లెక్కకు గట్టి సాక్ష్యం మన రాజమండ్రిలోనే ఉంది. స్వదేశీ పిలుపు అందుకుని కోసూరి వెంకటరత్నం 1932 ప్రాంతంలో పెన్నుల పని మొదలుపెట్టారు. తన సహచరుడు కుమారప్ప ద్వారా అందిన రత్నం పెన్నుతో రాసి చూసిన గాంధీజీ, బజారులో దొరికే విదేశీ పెన్నులకు బదులు ఇది పనికొస్తుందన్న అర్థంలో 1935లో వెంకటరత్నానికి ఉత్తరం రాశారు. అంటే దర్పానికి ఎదురుగా పుట్టిన పెన్ను ఇది. 2009లో మాంట్ బ్లాంక్ అదే గాంధీజీ పేరుతో, దండి యాత్ర మైళ్లకు గుర్తుగా 241 పెన్నులు చేసి, ఒక్కొక్కటి పదకొండు లక్షలకు పైగా ధర పెట్టింది. కేరళ హైకోర్టులో కేసు పడటంతో అమ్మకం ఆపేసింది. లక్షల పెన్నును లోకమంతా గుర్తుపట్టింది కనుక అది నవ్వులపాలైంది. లేతు మీద చేత్తో తిప్పిన రత్నం వారి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను మాత్రం పేరు మోయకుండానే విదేశీ సేకర్తల పెట్టెల్లో చేరింది. నిరాడంబరత కోసం పుట్టిన పెన్నే ఇప్పుడు తెలిసినవాళ్లు తెలిసినవాళ్లకే చూపించుకునేదైంది. నా పట్టికలో పై మెట్టు దానికే.

మరి ఈ బడాయి వల్ల నష్టమేమీ లేదా? పెన్నులు కొని సిరా ఎక్కించకుండా దాచుకునేవాళ్లను చూస్తే ఉందనే అనిపిస్తుంది. ఇంకో పక్క చూస్తే, బాల్‌పెన్ను దెబ్బకు మూతపడాల్సిన లేతులు ఇప్పటికీ తిరుగుతున్నాయంటే ఆ బడాయి కొనుగోలుదారుల పుణ్యమే. వాళ్లను వెక్కిరిద్దాం గానీ తరిమేయవద్దు. మీరు కొనేటప్పుడు మాత్రం క్లిప్పు కేసి చూడకుండా, రోజూ వాడే నోటుబుక్కు ఒకటి వెంట తీసుకెళ్లి, పాళీ సిరాలో ముంచి మీ సంతకం నాలుగుసార్లు పెట్టి చూడండి.